ట్రావెల్ ఈసిమ్: వారం పది రోజులకైతే మంచి బేరం, ఆర్నెల్లకైతే శుద్ధ దండగ

మన విజయవాడ, గుంటూరు వాళ్ళు విదేశాలకి వెళ్ళేది ఎక్కువగా రెండు పనుల మీద. ఒకటి సింగపూర్, మలేషియా, దుబాయ్, థాయ్‌లాండ్ టూర్లు. రెండోది అమెరికాలో ఉన్న కూతురి పురిటికో కోడలి పురిటికో వెళ్ళి ఆర్నెల్లు ఉండి రావడం. ఈ రెండింటికీ కలిపి ఒకే సలహా చెప్పేవాళ్ళని నమ్మకండి. మొదటి రకం ప్రయాణానికి ట్రావెల్ ఈసిమ్ (అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కించుకునే, విదేశంలో నెట్ కోసం కొనే సిమ్) అంత సుఖం ఇంకోటి లేదు, రెండో రకానికి అది డబ్బు దండగ వ్యవహారం. ఇదీ నా తీర్పు, తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఓపిక ఉన్నవాళ్ళకి మిగతాది వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ మధ్య మా చుట్టాల్లో, అపార్ట్‌మెంట్‌లో ఎవరు విమానం ఎక్కినా ముందు రోజు రాత్రి నాకే ఫోన్ చేస్తున్నారు.

ముందు మా ట్రిప్ సంగతి. సింగపూర్, మలేషియా కలిపి ప్యాకేజీలో వెళ్ళాం. టూర్ వాళ్ళు "సిమ్ కూడా మేమే ఇచ్చేస్తామండీ, ప్యాకేజీలోనే" అన్నారు. ప్యాకేజీలో అంటే ఉచితం అని కాదు కదా, ఎంత వేశారో విడిగా చెప్పమంటే నీళ్ళు నమిలారు. ఎన్ని జీబీ, ఏ దేశంలో పనిచేస్తుంది, హాట్‌స్పాట్ ఇస్తుందా అని అడిగితే "అన్నీ వస్తాయండీ" అన్నదొక్కటే సమాధానం. అప్పుడు ఆ సిమ్ వద్దని చెప్పి, ఆ మేరకు తగ్గించమని అడిగి, రెండు దేశాలకీ కలిపి పనిచేసే ఆసియా ప్లాన్ ఈసిమ్ ఒకటి ఇంట్లోనే కూర్చుని కొన్నాను.

ఏ కంపెనీది కొన్నావని అందరూ అడుగుతారు. పేరు చెప్పడం వల్ల మీకు ఒరిగేది పెద్దగా లేదు, కారణం వినండి. ఎయిరాలో, హోలాఫ్లై, నోమాడ్, సైలీ, యూబీజీ ఇలా ఎన్ని పేర్లున్నా, వీళ్ళు మీరు వెళ్ళే దేశంలో టవర్లు వేసుకుని కూర్చున్నవాళ్ళు కాదు. అక్కడి టెలికాం కంపెనీల నెట్‌వర్క్‌ని టోకున తీసుకుని మనకి చిల్లరగా అమ్ముతారు. కాబట్టి ఒకే యాప్‌లో సింగపూర్ ప్లాన్ బ్రహ్మాండంగా ఉండి పక్క దేశం ప్లాన్ నత్తనడక నడవొచ్చు. ప్లాన్ వివరాల్లో కిందికి వెళ్తే "నెట్‌వర్క్" అని ఒక చిన్న గడి ఉంటుంది, అసలు చూడాల్సింది అది. సింగపూర్ అయితే సింగ్‌టెల్, స్టార్‌హబ్, ఎం1 లాంటి పేర్లు కనిపిస్తాయి. మలేషియాకి మ్యాక్సిస్, సెల్‌కామ్‌డిజీ, యూ మొబైల్. ఒక్క నెట్‌వర్క్ పేరే ఉన్న ప్లాన్ కంటే రెండు మూడు ఉన్న ప్లాన్ మేలు, ఒకటి అందకపోతే ఫోన్ ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ఆ గడిలో ఏమీ రాయకుండా "బెస్ట్ నెట్‌వర్క్" అని గొప్పలు పోయే ప్లాన్ నేనైతే కొనను.

మా ప్లాన్ పనితీరు గురించి చెప్పాలంటే, చాంగీలో దిగి ఏరోప్లేన్ మోడ్ తీశాక కాసేపటికే నెట్ వచ్చింది, అందులో పెద్ద విశేషం లేదు, ఆ ఎయిర్‌పోర్టులో ఎలాగూ ఉచిత వైఫై ఉంటుంది. అసలు పరీక్ష బస్సులో మలేషియా వెళ్తున్నప్పుడు వచ్చింది. వుడ్‌ల్యాండ్స్ చెక్‌పోస్టులో దిగి, సింగపూర్ ఇమ్మిగ్రేషన్ తనిఖీ ముగించుకుని, మళ్ళీ బస్సెక్కి, జొహోర్ జలసంధి మీద కట్ట దాటితే అవతల మలేషియా ఇమ్మిగ్రేషన్. అక్కడికి వెళ్ళేలోపు మలేషియా డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపి ఉండాలి. మా బస్సులో కొందరు అది నింపలేదు, టూర్ వాళ్ళు నింపేస్తారులే అనుకున్నారు, టూర్ వాళ్ళు మీరే నింపుకుంటారులే అనుకున్నారు. పైగా వాళ్ళ దగ్గరున్నది ఒట్టి సింగపూర్ సిమ్, కట్ట దాటుతుండగానే నెట్ పోయింది. నా ఫోన్‌లో కూడా ఒక నిమిషం పాటు సిగ్నల్ అటూ ఇటూ ఊగింది గానీ, ఒకసారి ఏరోప్లేన్ మోడ్ వేసి తీయగానే మలేషియా నెట్‌వర్క్ పట్టుకుంది. హాట్‌స్పాట్ పెట్టి పాస్‌వర్డ్ చెప్తే, ఒంగోలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన భార్య, వెనక సీట్లో కాలేజీ పిల్లలు అందరూ ఆ బస్సులోనే నింపుకున్నారు. పాస్‌పోర్ట్ నంబర్‌లో సున్నా, ఇంగ్లీషు ఓ అక్షరం తేడా తెలియక ఆ పెద్దాయన పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. అందుకే చెప్తున్నా, రెండు దేశాలు కలిపి వెళ్తుంటే ఒక్కో దేశానికి విడిగా రెండు చవక ప్లాన్ల కంటే కాస్త ఎక్కువైనా ప్రాంతీయ ప్లానే తీసుకోండి. ఒకే దేశంలో ఉండేటట్టయితే మాత్రం ఆ దేశం ప్లానే చవక, "130 దేశాల్లో పనిచేస్తుంది" అనే గ్లోబల్ ప్లాన్లకి పోయి ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

ధరల సంగతి. జనం ఎక్కువగా వెళ్ళే దేశాలకి 1 జీబీ, ఏడు రోజుల ప్లాన్ నాలుగైదు డాలర్ల చుట్టూ ఉంటుంది, పెద్ద ప్లాన్ తీసుకునే కొద్దీ జీబీ రేటు తగ్గుతుంది. ఈ రేట్లు రోజూ మారతాయి, ఆఫర్ కోడ్‌లు ఉంటాయి, కాబట్టి నేను అంకెలు ఏకరువు పెట్టి లాభం లేదు. ఎన్ని జీబీ కావాలన్నది మాత్రం ముందే ఆలోచించుకోవాలి. మన దగ్గర రోజుకి 1.5 జీబీ, 2 జీబీ రీఛార్జిలకి అలవాటుపడి ఎంత వాడుతున్నామో పట్టించుకోం. మ్యాప్‌లు, క్యాబ్ బుకింగ్, వాట్సాప్ మెసేజ్‌లు, కాసిని ఫొటోలు, వీటికి వారానికి 2, 3 జీబీ ధారాళంగా సరిపోతుంది. తినేసేవి వేరే ఉన్నాయి. రీల్స్, యూట్యూబ్, గంటల కొద్దీ వీడియో కాల్స్, మనకి తెలియకుండా వెనకాల జరిగే ఫొటోల బ్యాకప్. ఇంకా ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే దేవుళ్ళ వీడియోలు పెట్టే మామయ్య ఒకరు ప్రతి ఇంట్లో ఉంటారు, ఆయన్ని ఏమీ అనలేం గనక వాట్సాప్ సెట్టింగ్స్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ వైఫైలో మాత్రమే అని పెట్టండి. వెళ్ళే ఊరి మ్యాప్ ఇంట్లో వైఫై మీదే ఆఫ్‌లైన్‌కి దించుకోండి. ఈ మూడూ చేస్తే చిన్న ప్లాన్‌తో గడిచిపోతుంది, అయిపోతే అక్కడే టాప్ అప్ చేసుకోవచ్చు. అన్ని ప్లాన్లకీ టాప్ అప్ ఉండదు, ఉందో లేదో కొనేముందే చూడండి.

ఇక "అన్‌లిమిటెడ్" అనే మాట దగ్గరికి వద్దాం, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మా బావ వాళ్ళు థాయ్‌లాండ్ వెళ్ళినప్పుడు అన్‌లిమిటెడ్ అని ఒక కంపెనీ ప్లాన్ తీసుకున్నారు, పేరు వద్దులెండి. పొద్దున ఒక పూట నెట్ పరుగులు పెట్టింది, మధ్యాహ్నం నుంచి మ్యాప్ కూడా తెరుచుకోలేదు. చాట్‌లో అడిగితే ఫెయిర్ యూసేజ్ పాలసీ అన్నారు. అంటే రోజుకి ఇంత అని ఒక హద్దు పెట్టుకుంటారు, అది దాటాక నెట్ కట్ చేయరు, స్పీడు నేలకి దించేస్తారు. పేపర్ మీద అన్‌లిమిటెడే. మొదటి బంతికి నెయ్యి ధారగా పోసి, తర్వాత వరసల్లో గిన్నె చూపించి వెళ్ళిపోయే వడ్డనలా ఉంటుంది ఇది. పైగా కొన్ని అన్‌లిమిటెడ్ ప్లాన్లలో హాట్‌స్పాట్ ఉండదు, లేదా రోజుకి కొంచెమే ఉంటుంది. ఇంట్లో నలుగురికి ఒకే ఈసిమ్ కొని హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దాం అనుకునేవాళ్ళు ముందు ఆ లైన్ వెతికి చదవాలి. నేనైతే ఎన్ని జీబీయో అంకెలో చెప్పి, ఆ జీబీ అయ్యేదాకా స్పీడు తగ్గించని ప్లానే తీసుకుంటాను.

సరే, ప్లాన్ కన్నా ముందు ఫోన్ చూసుకోవాలి. డయల్ ప్యాడ్ తెరిచి *#06# కొట్టండి. ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని 32 అంకెల పొడవాటి నంబర్ వస్తే మీ ఫోన్‌లో ఈసిమ్ ఉన్నట్టు. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎస్ నుంచి ఉంది. శాంసంగ్ గెలాక్సీ ఎస్20 నుంచి ఎస్ సిరీస్‌లో ఉంది. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఉండదు, కొత్త ఫోనే కదా అని ధీమాగా ఉండొద్దు.

మన ప్రాంతంలో ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. గుంటూరు బ్రాడీపేటలోనో, ఇక్కడ పటమటలోనో ఏ ఇంటికి వెళ్ళినా అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ఐఫోన్ ఒకటైనా ఉంటుంది. అక్కడ టెలికాం కంపెనీ దగ్గర వాయిదాల మీద కొన్న ఫోన్ అయితే ఆ వాయిదాలు తీరేదాకా, ఒక్కోసారి తీరినా కొన్నాళ్ళు, ఆ కంపెనీకే లాక్ అయి ఉంటుంది. అందులో మీ ట్రావెల్ ఈసిమ్ పనిచేయదు. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్తే కిందెక్కడో క్యారియర్ లాక్ అని ఉంటుంది, దాని ఎదురుగా "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉంటేనే డబ్బు కట్టండి. ఇంకో విషయం, అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్ళకి సిమ్ పెట్టుకునే ట్రేనే ఉండదు. కాబట్టి మీ ఇండియా నంబర్ కూడా ఈసిమ్‌గానే మార్చుకుని ఉంటారు. దాంతో ఇబ్బందేమీ లేదు, ఆ ఫోన్లలో ఈసిమ్‌లు చాలా దాచుకోవచ్చు, ఒకేసారి రెండు నడుస్తాయి. ఇండియాది ఒకటి, ట్రావెల్ ఈసిమ్ ఒకటి. అక్కడికి వెళ్ళాక ఇండియా నంబర్ డిలీట్ మాత్రం చేయకండి, విదేశంలో కూర్చుని దాన్ని మళ్ళీ తెప్పించుకోవడం నరకం.

ఇన్‌స్టాల్ చేయడం రెండు నిమిషాల పని. క్యూఆర్ కోడ్ మెయిల్‌లో వస్తుంది. ఆ మెయిల్ తెరిచిన ఫోన్‌తోనే ఆ కోడ్ స్కాన్ చేయడం ఎలా అని చాలామంది ఆగిపోతారు. ఇంట్లో ఇంకో ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో తెరిచి స్కాన్ చేయండి, లేదా కోడ్ కింద ఇచ్చే అడ్రస్, యాక్టివేషన్ కోడ్ కాపీ చేసి పెట్టండి. ఇంట్లో వైఫై మీద బయల్దేరే ముందు రోజే ఇన్‌స్టాల్ చేసుకోండి, కానీ కొన్ని ప్లాన్లకి ఇన్‌స్టాల్ చేసిన నిమిషం నుంచే రోజులు లెక్క మొదలవుతాయి, కొన్నింటికి అక్కడి నెట్‌వర్క్ తగిలాకే మొదలవుతాయి. ఈ తేడా ప్లాన్ వివరాల్లో రాసి ఉంటుంది. మొదటి రకమైతే ఎయిర్‌పోర్టు వైఫైలో చేసుకోవడం మంచిది. మామూలుగా ఒక క్యూఆర్ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, పొరపాటున డిలీట్ చేస్తే మళ్ళీ ఎక్కదు, కస్టమర్ కేర్ వాళ్ళని బతిమాలుకోవాల్సిందే.

ఇప్పుడు దుబాయ్ వెళ్ళిన మా పిన్ని సంగతి. హోటల్ వైఫైలో నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది, "ఒరేయ్, టవర్ ఫుల్లుగా చూపిస్తోంది, బయటికెళ్తే నెట్ మాత్రం రావట్లేదు. నీ మాట విని డబ్బులు పోశాం."

"పిన్నీ, సెట్టింగ్స్‌లో సిమ్‌లు ఉన్నచోటికి వెళ్ళి కొత్త సిమ్ మీద నొక్కు. డేటా రోమింగ్ అని ఉందా?"

"ఉంది. ఆఫ్‌లో ఉంది. అది ఆన్ చేస్తే బిల్లు వేలల్లో వస్తుందని మీ బాబాయి దాన్ని ముట్టుకోనివ్వట్లేదు."

బాబాయి భయం న్యాయమైనదే, కాకపోతే సిమ్ మారింది. ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉండాలి. ట్రావెల్ ఈసిమ్‌కి ఆన్‌లో ఉండాలి, ఎందుకంటే ఆ ఈసిమ్ ఆ దేశంలో పుట్టింది కాదు, అది కూడా అక్కడ రోమింగ్‌లోనే నడుస్తుంది, దాని డబ్బు మనం ముందే కట్టేశాం. మొబైల్ డేటాకి ఏ సిమ్ వాడాలి అన్నచోట కూడా ఈసిమ్‌నే ఎంచుకోవాలి, ఐఫోన్‌లో దాని కిందే సెల్యులార్ డేటా స్విచింగ్ అని ఒకటి ఉంటుంది, అది ఆపేయాలి, లేకపోతే సిగ్నల్ బాగోలేనప్పుడు ఫోన్ తనంతట తాను మన ఇండియా సిమ్ డేటాకి మారిపోయే అవకాశం ఉంది. నాకు వచ్చే ఫోన్లలో సగం పైన ఆ డేటా రోమింగ్ బటన్ ఒక్కదాని గురించే. ఇంకా నెట్ రాకపోతే ఏపీఎన్ (ఫోన్ నెట్‌కి కలవడానికి వాడే అడ్రస్ లాంటి పేరు, సిమ్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది) ఒకటి చూడాలి, కంపెనీ మెయిల్‌లో రాసిచ్చిన పేరు ఉన్నదున్నట్టు కొట్టాలి.

పిన్ని మామూలుగా కాల్ చేయకుండా వాయిస్ మెసేజ్ ఎందుకు పెట్టిందంటే, యూఏఈలో అక్కడి వైఫై మీద, అక్కడి సిమ్‌ల మీద వాట్సాప్ కాల్స్ కలవవు, ఆ దేశం నిబంధనలు అలాంటివి. డేటా రోమింగ్ ఆన్ చేసిన ఐదు నిమిషాలకి నేరుగా వాట్సాప్ కాల్ చేసింది, వెనకాల బాబాయి "బిల్లు చూడు, బిల్లు చూడు" అని అరుస్తున్నారు. కాల్ ఎలా కలిసిందంటే, చాలా ట్రావెల్ ఈసిమ్‌లలో మన డేటా ఆ దేశం ఇంటర్నెట్‌లోకి అక్కడికక్కడే వెళ్ళదు, ఈసిమ్ ఏ దేశం కంపెనీదో ఆ దేశం దాకా వెళ్ళి అక్కడి నుంచి బయటికి వస్తుంది. చైనా వెళ్ళే వ్యాపారస్తులకి గూగుల్, వాట్సాప్ ఈసిమ్ మీద నడవడానికి కారణం కూడా ఇదే. అయితే ఇది గ్యారంటీ కాదు, లోకల్ ఐపీ ఇచ్చే, అంటే డేటాని ఆ దేశంలోనే ఇంటర్నెట్‌లోకి వదిలే ప్లాన్లు కూడా ఉన్నాయి, వాటిలో అక్కడి కట్టుబాట్లే వర్తిస్తాయి. దీని రెండో ముఖం కూడా చెప్పాలి. డేటా అంత దూరం తిరిగి రావడం వల్ల కాస్త ఆలస్యం ఉంటుంది, మీరు కౌలాలంపూర్‌లో ఉంటే కొన్ని సైట్లు మిమ్మల్ని ఇంకేదో దేశంలో ఉన్నట్టు అనుకుంటాయి, బ్యాంకు యాప్ ఒక్కోసారి అనుమానపడి బయటికి నెట్టేస్తుంది.

బ్యాంకు అన్నాం కాబట్టి ఓటీపీ సంగతి. ట్రావెల్ ఈసిమ్‌లలో ఎక్కువ భాగం డేటా మాత్రమే, ఫోన్ నంబర్ ఉండదు. వాట్సాప్ మీ పాత నంబర్ మీదే నడుస్తుంది, అది నంబర్ మార్చాలా అని అడిగినా మార్చకండి. ఓటీపీ మాత్రం ఇండియా సిమ్‌కే వస్తుంది. కాబట్టి ఆ సిమ్ ఆఫ్ చేయకుండా, డేటా రోమింగ్ మాత్రం ఆపి, కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లకి ఉంచుకోవాలి. విదేశంలో మనకి వచ్చే ఎస్సెమ్మెస్‌కి మామూలుగా చార్జీ ఉండదు, కానీ వచ్చిన ఫోన్ ఎత్తితే పడుతుంది. అందుకే క్రెడిట్ కార్డు కావాలా అని పొద్దున్నే ఫోన్ చేసే వాళ్ళని అక్కడ ఎత్తి తిట్టే సరదా పెట్టుకోకండి. ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీసు ఆన్‌లో ఉందో లేదో వెళ్ళే ముందు మీ కంపెనీ యాప్‌లో చూసుకోండి, అది లేకపోతే అక్కడ ఇండియా సిమ్‌కి సిగ్నలే రాదు. ఇంకో మాట, విమానం గాల్లో ఉండగా ఏరోప్లేన్ మోడ్ తీయొద్దు. కొన్ని విమానాల్లో లోపలే మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, దాని రేట్లు నేల మీద రోమింగ్‌ని మించి ఉంటాయి. క్రూయిజ్ షిప్‌లో సముద్రం మధ్య కూడా ఇదే కథ, అక్కడ మీ ఈసిమ్ పనిచేయదు, ఫోన్ ఓడ నెట్‌వర్క్ పట్టుకుంటే జేబుకి చిల్లు.

ఎక్కడ కొనాలి అన్నది కాస్త తికమక వ్యవహారం. 2024 జనవరిలో మన టెలికాం శాఖ ఆదేశం మీద ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లని ఇండియా యాప్ స్టోర్ల నుంచి తీసేశారు. విదేశీ సిమ్‌లు ఇక్కడ అమ్మాలంటే శాఖ నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి, అదీ కారణం. అందుకని పక్కింటి అబ్బాయి అమెరికా ఫోన్‌లో కనిపించిన యాప్ మీ ఫోన్‌లో కనిపించకపోవచ్చు, కంగారుపడి అదే పేరుతో కనిపించిన ఏదో నకిలీ లింకు నొక్కకండి. మన దగ్గర అనుమతితో ఈ వ్యాపారం చేసే కంపెనీలున్నాయి, మ్యాట్రిక్స్ లాంటివి ఎప్పటి నుంచో విదేశీ సిమ్‌లు అమ్ముతున్నాయి, కొంచెం రేటు ఎక్కువైనా రూపాయల్లో బిల్లు వస్తుంది, తెలుగులో కాకపోయినా కనీసం హిందీలోనైనా మాట్లాడే మనిషి దొరుకుతాడు. డాలర్లలో కొంటే మీ కార్డుకి అంతర్జాతీయ వాడకం బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి, బ్యాంకు ఫారెక్స్ మార్కప్ అని రెండు నుంచి మూడున్నర శాతం దాకా, దాని మీద జీఎస్టీ వేసుకుంటుంది. కొన్ని విదేశీ సైట్లు ఓటీపీ కూడా అడగకుండానే డబ్బు లాగేస్తాయి, కాబట్టి కొనడం అవగానే ఆ ఆప్షన్ మళ్ళీ ఆపేయండి.

బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట వైపు కొన్ని మొబైల్ షాపుల్లో కూడా ఇప్పుడు ఈసిమ్ ఇస్తామంటున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయనకి అలాంటి చోట క్యూఆర్ కోడ్ వాట్సాప్‌లో ఫొటోగా పంపారట, ఇంటికొచ్చి స్కాన్ చేస్తే అప్పటికే వాడేసిన కోడ్ అని వచ్చింది, వెనక్కి వెళ్తే మళ్ళీ డబ్బు కట్టమన్నారు. షాపులో కొనడం తప్పేం కాదు, కానీ అక్కడే కూర్చుని, మీ ఫోన్‌లో ఎక్కి, "యాక్టివ్" అనో "ఇన్‌స్టాల్డ్" అనో కనిపించాకే డబ్బివ్వండి. బిల్లు అడగండి.

ఈసిమ్ తప్ప గతి లేదని కూడా అనను. థాయ్‌లాండ్, శ్రీలంక లాంటి చోట్ల ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో పాస్‌పోర్ట్ చూపిస్తే ఇచ్చే టూరిస్టు సిమ్‌లు డేటా ఎక్కువ కావాలనుకునేవాళ్ళకి చవకే పడతాయి, పైగా లోకల్ నంబర్ వస్తుంది. కాకపోతే అర్ధరాత్రి దిగినప్పుడు పిల్లల్ని పెట్టుకుని ఆ క్యూలో నిలబడాలి, ఇండియా సిమ్ తీసి ఆ చిన్న ముక్కని పర్సులో దాచుకోవాలి. మన జియో, ఎయిర్‌టెల్, వీఐ రోమింగ్ ప్యాకులు కూడా కొట్టిపారేసేవి కావు. ఒకటి రెండు రోజుల పని మీద వెళ్ళేవాళ్ళకి, ఆఫీసు వాళ్ళ ఫోన్లు ఎత్తక తప్పనివాళ్ళకి, సెట్టింగ్స్ అంటేనే హడలిపోయే పెద్దవాళ్ళకి నేను అవే చెప్తాను. రీఛార్జి చేసి, అక్కడ దిగి, ఆ సిమ్‌కే డేటా రోమింగ్ ఆన్ చేస్తే అయిపోయింది. జీబీ లెక్కన రేటు ఎక్కువే, కానీ కాల్స్ కూడా కలిసి వస్తాయి.

చివరగా అమెరికా ఆర్నెల్ల వాళ్ళు. మీకు ట్రావెల్ ఈసిమ్ వద్దంటే వద్దు. వారం ప్లాన్లు, నెల ప్లాన్లు పదే పదే టాప్ అప్ చేసుకుంటూ పోతే అయ్యే ఖర్చు ఒకటైతే, నంబర్ లేకపోవడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. అక్కడ మందుల షాపులో, డాక్టర్ దగ్గర, ఆఖరికి ఇంటికి పార్సిల్ రావాలన్నా లోకల్ నంబర్ అడుగుతారు. అల్లుడు ఆఫీసులో, అమ్మాయి హాస్పిటల్లో ఉన్నప్పుడు బయట వాకింగ్‌కి వెళ్ళి దారి తప్పిన మామగారు వాట్సాప్ లేని మనిషికి ఫోన్ చేయాలంటే మామూలు కాల్ ఉండాలి. పిల్లల ఫ్యామిలీ ప్లాన్‌లో ఇంకో లైన్ వేయించమనండి, లేదా అక్కడి ప్రీపెయిడ్ ఈసిమ్ ఏదైనా నెలవారీగా తీసుకోమనండి. పిల్లలు ఆ పని ముందే చేసి కోడ్ పంపిస్తే ఇక్కడే ఎక్కించుకుని వెళ్ళొచ్చు, దిగగానే నంబర్ పనిచేస్తుంది. దారిలో దోహాలోనో దుబాయ్‌లోనో ఆగే గంటలకి ఎయిర్‌పోర్టు వైఫై చాలు.

వీళ్ళకి ఇండియా నంబర్ బతికి ఉండటం టూరిస్టుల కన్నా ఎక్కువ అవసరం. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్, బ్యాంకు ఓటీపీ, ఆధార్ అన్నీ దాని మీదే. 90 రోజులు వాడకం లేకుంటే నంబర్ ఆపేసే వీలు కంపెనీకి ఉంటుంది. ప్రీపెయిడ్ నంబర్‌లో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే నెలకి 20 చొప్పున కోసుకుని నంబర్ నిలిపి ఉంచాలని ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధన ఉంది గానీ, ప్లాన్ గడువు అయిపోతే మెసేజ్‌లు రావడం ఆగిపోవచ్చు కాబట్టి నేనైతే ఎక్కువ రోజుల వ్యాలిడిటీ ఉన్న రీఛార్జి వేయించి పంపిస్తాను, రోమింగ్ సర్వీసు ఆన్ చేయించి. ఇండియా సిమ్‌ని ఈసిమ్‌గా మార్చుకోవాలంటే కూడా బయల్దేరే ముందు వారం ఇక్కడే మార్చుకోండి, మీ కంపెనీ యాప్‌లోనో స్టోర్‌లోనో. "మీ సిమ్‌ని ఈసిమ్‌గా మారుస్తాం, వచ్చిన లింకు నొక్కండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. అది మీ నంబర్‌ని వాళ్ళ ఫోన్‌లోకి ఎక్కించుకునే దొంగల పని, నంబర్ వాళ్ళ చేతికి వెళ్తే ఓటీపీలన్నీ అక్కడికే వెళ్తాయి.